పదోవాణ్ణి పెట్టుకోవచ్చా సార్?

కార్మిక శాఖ కమిషనర్ గారికి,
టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, హైదరాబాద్.

అయ్యా,

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర జిరాక్సు, స్పైరల్ బైండింగు కొట్టు నడుపుకునే చిరు యజమానిని. మీ భవనం మాకు నడిచి వెళ్లేంత దూరమే. అయినా బహిరంగంగా రాస్తున్నాను, నాలాంటి వాళ్లు ఈ గల్లీల్లో చాలామంది ఉన్నారు గనక.

2025 నవంబర్ 21న 29 పాత చట్టాలు పోయి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ముందుగా ధన్యవాదాలు. వాటి నోట్సు మా దగ్గర పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు బాగా అమ్ముడవుతోంది. మా ఏరియాలో చట్టం మారితే కార్మికుడి బతుకు మాటేమో గానీ, సిలబస్ మాత్రం వెంటనే మారుతుంది. లేఆఫ్‌కు సర్కారు అనుమతి అడగాల్సిన ఫ్యాక్టరీ పరిమితి 100 మంది నుంచి 300కు పెరగడం ఇక్కడ ఒక బిట్టు ప్రశ్న, అంతే.

చిక్కు బైండింగు బల్ల దగ్గర వచ్చింది. పేజీలు వరస పెడుతున్న కుర్రాడు, వాడూ గ్రూప్-2కే చదువుతున్నాడు, తలెత్తి అడిగాడు: "అన్నా, ప్రతి కార్మికుడికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాల్నట. మాకెప్పుడిస్తవ్?"

మా పక్క అశోక్‌నగర్‌లో ఆ మాటకున్న విలువ మీకు చెప్పాలా? సర్కారు కొలువిచ్చే ఆ ఒక్క కాగితం కోసమే పిల్లలు ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి వచ్చి, నారాయణగూడ హాస్టళ్లలో మంచానికింతని అద్దె కట్టి, మెస్సుల్లో నీళ్ల చారు తాగి ఏళ్లు గడిపేస్తారు. నోటిఫికేషన్ లేకుండా, పరీక్ష లేకుండా, కోర్టు కేసు లేకుండా అది నేనే ఇచ్చేయాలట!

ఆడిటర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన నవ్వాడు. "వృత్తి భద్రత కోడ్‌లో పదిమంది, ఆపైన పనిచేసే చోటే లెక్కలోకి వస్తుంది. పాతవాళ్లకు మూడు నెలల్లో లెటర్లివ్వాలన్న సెక్షన్ అందులోదే. నీకున్నది తొమ్మిది మందేగా, హాయిగా పడుకో. పదోవాణ్ణి మాత్రం పెట్టుకోకు."

పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. వేతనాల కోడ్ తలలు లెక్కపెట్టదట. జీతం చీటీ ఇవ్వాలి, ఓవర్‌టైముకు రెట్టింపు ఇవ్వాలి, మానేసినవాడి బాకీ రెండు పనిదినాల్లో తేల్చాలి. అంటే వాడికి ఎంతిచ్చానో కాగితం మీద రాసివ్వాలి. వాడు నా దగ్గర పనిచేస్తున్నాడని మాత్రం ఈ కోడ్‌ల ప్రకారం రాసివ్వక్కర్లేదు! ప్రకటనల్లో 'అందరికీ' అన్నారు. ఆ అందరిలో మా గల్లీలోని మెస్సు, టీ బండి, పుస్తకాల షాపు కుర్రాళ్లు ఎంతమంది?

పని గంటల సంగతీ అంతే. 2025 జూలైలో మన రాష్ట్రం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పని అనుమతించింది, వారానికి 48 దాటకూడదని షరతు. దుకాణాలను అందులో చేర్చలేదు. చేర్చకపోయినా నష్టం లేదు లెండి, పది గంటలు మా దగ్గర ఏనాడో దాటాయి.

ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి అయిన అంజయ్య గారి పేరు మీ గోడ మీదుంది. ఆ పేరు మీదే అడుగుతున్నాను. అపాయింట్‌మెంట్ లెటర్ వరకైనా ఆ పది అంకె తీసేయమని ఢిల్లీకి రాయండి. ఈలోగా తెలుగులో ఒక పేజీ నమూనా ఇప్పించండి. తొమ్మిది కాపీలు నేనే తీసుకుంటాను.

ఇట్లు,
తొమ్మిది దగ్గర ఆగిపోయిన ఒక యజమాని,
చిక్కడపల్లి.