రెండు క్లచ్చులు, ఖాళీ ఎడమ కాలు

కొత్త కారు కొన్నానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒక్కటే. "టర్బోనా మాష్టారూ?" మైలేజీ ఎంతని అడిగినవాడు లేడు. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పడతాయా అని అడిగినవాడూ లేడు. మా రోజుల్లో ఆ రెండూ కనుక్కున్నాకే కారు రంగు గురించి మాట్లాడేవాళ్ళు. సరే, టర్బోనే. లీటరు ఇంజను, మూడు సిలిండర్లు, 120 హార్స్ పవరు. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెబితే తిట్టాల్సిన చోట మొహమాటం అడ్డొస్తుంది.

ఈ వయసులో ఇదెందుకంటారా? ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ, ముందు సెకండ్ హ్యాండు పద్మినితోనూ తర్వాత మారుతీ ఎనిమిది వందలతోనూ నెట్టుకొచ్చాను. రెండిటికీ బలం నలభై హార్స్ పవరుకి అటూ ఇటూ. ఇప్పుడు ఒక్క బండిలో వాటికి మూడింతలు ఉందంటే చూడాలనిపించింది. మా అబ్బాయి "పెద్ద ఎస్‌యూవీ తీసుకోండి నాన్నా, ఎక్కడం దిగడం తేలిక" అన్నాడు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, వాడి సలహా వాడి దగ్గరే ఉంచుకోమన్నాను.

అసలు టర్బో అనేది నిన్నమొన్న పుట్టినట్టు మాట్లాడతారు ఈ కుర్రాళ్ళు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూచీ దానికి పేటెంటు తీసుకున్నది 1905లో. మా బెజవాడ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళం దాన్ని విన్నాం, చూశాం, పీల్చాం కూడా. డబ్ల్యూడీఎం-2 అని 2,600 హార్స్ పవరు డీజిలు ఇంజను ఉండేది. డ్రైవరు నాచ్ పెంచగానే ముందు నెత్తిన నల్లటి పొగ గుప్పున లేచేది. తర్వాత సన్నగా మొదలై చెవులు చిల్లులు పడేలా ఈల. ఆ తర్వాత గానీ పెట్టెలు కదిలేవి కావు. డీజిలు ముందు పడుతుంది, దాన్ని పూర్తిగా మండించే గాలి కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకని ఆ పొగ. టర్బో తిరగాలంటే ఇంజను వదిలే వేడి వాయువులు జోరుగా రావాలి. అవి జోరుగా రావాలంటే ఇంజను బాగా పనిచేయాలి. ఇంజను బాగా పనిచేయాలంటే టర్బో గాలి కొట్టాలి. ఈ పీటముడి విడిపోవడానికి పట్టే సమయాన్నే లాగ్ అంటారు. మా క్లాసులో ఎన్నో బ్యాచీలకు ఇది రైలింజను పొగతోనే చెప్పాను, ఒక్కడూ నిద్రపోలేదు.

కారులో టర్బో గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. నిమిషానికి లక్షన్నర చుట్లకు పైనే తిరుగుతుంది. ఆ కొసన పొగ గొట్టపు వేడి, ఈ కొసన బయటి గాలి, మధ్యలో ఒక సన్నటి ఇరుసు, దానికి పలచటి నూనె పొర. అంత పని చేసే వస్తువు కళ్ళకు కనిపించదు. బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత, దాని మీద కంపెనీ గుర్తు. పద్మిని బానెట్ ఎత్తితే కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, నాలుగు ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు అన్నీ ఎదురుగా ఉండేవి. ప్లగ్గులు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, గ్యాపు కళ్ళతోనే చూసి బిగించడం ఆదివారం పొద్దుటి పని. ఇప్పుడు ఆదివారం పొద్దున కారు దగ్గర నాకు చేయడానికి ఏమీ లేదు. తుడవడం ఒక్కటే మిగిలింది, దానికీ అపార్టుమెంటు వాచ్‌మన్ నెలకింత అని మాట్లాడుకున్నాడు.

ఇంత చిన్న ఇంజనుకి ఇంత బలమెందుకు ఎక్కించారో కూడా చెబుతాను, షోరూము కుర్రాడు చెప్పలేదు గనక. వాడు "పెర్ఫార్మెన్స్ సార్" అన్నాడు. అసలు కారణం పన్ను. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉంటే చిన్న కారు కింద లెక్క, సుంకం తక్కువ అన్నారు. జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరులో రేట్లు మార్చినప్పుడూ గీతకి ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. అందుకని ఇంజనుని గీత లోపలికి కుదించి, తగ్గిన బలాన్ని టర్బోతో పూడ్చారు. అంబాసిడర్‌కి 1,489 సీసీ ఉండి యాభై హార్స్ పవరు ప్రాంతంలో ఆగిపోయింది. ఇది లీటరులోనే 120 తీస్తోంది. ఇంజనీర్ల గొప్పతనం ఒప్పుకుంటాను. కానీ ఆ గొప్పతనాన్ని పురిగొల్పింది ఆర్థిక శాఖ అని తెలిశాక, ఎర్ర దారంతో కుట్టిన సీట్లు, వెనకాల జంట సైలెన్సరు గొట్టాలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక నడక. హైదరాబాదు రోడ్డు నాలుగు లైన్లు కాకముందు, అది తొమ్మిదో నంబరు హైవేగా ఉన్న రోజుల్లో, నందిగామ దాటాక పద్మినిలో ఇసుక లారీని దాటడమంటే ఒక కార్యక్రమం. ముందు లారీ వెనకాల సరైన దూరంలో సర్దుకోవాలి. స్టీరింగు పక్కన ఉన్న గేరు రాడ్డుని నాలుగు నుంచి మూడుకి లాగాలి. కుడి పక్కకి జరిగి చూడాలి. ఎదురుగా బస్సుంటే మళ్ళీ వెనక్కి. ఈలోగా ఇంజను అరుపు తగ్గకుండా కాలు అలాగే ఉంచాలి. పక్క సీట్లో మా బావగారు "ఆగు, ఆగు... ఇప్పుడు పో!" అని అరుస్తుండేవారు. హారను కొట్టుకుంటూ లారీ పక్కనుంచి అంగుళం అంగుళం ముందుకు పోతుంటే క్లీనరు కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. దాటాక కార్లో అందరూ మాట్లాడటం మొదలుపెట్టేవాళ్ళు. అప్పటిదాకా ఎవరూ నోరెత్తలేదని అప్పుడే తెలిసేది.

ఇప్పుడో? కాలు నొక్కాను. లారీ అద్దంలోకి వెళ్ళిపోయింది. వెనక సీట్లో మా ఆవిడ ఫోను మాట్లాడుతూనే ఉంది. 1,500 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు వచ్చేస్తుంది, మూడు వేలు దాటాల్సిన పనే పడదు. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే నాకు అరవై అనిపించింది. పద్మినిలో అరవైకి చక్రం చేతుల్లో వణికేది, ఎనభైకి తలుపులు చెప్పేవి. స్పీడంటే ఒంటికి తెలిసేది. ఈ బండిలో స్పీడంటే ఒక అంకె, అంతే. అంకె ఎక్కువైతే ఇంటికి చలానా వస్తుంది. హైవే మీద కారుకి హద్దు 100. దాని పైన ఈ బండిలో ఉన్నదంతా నేను డబ్బులు పెట్టి కొనుక్కుని వాడుకోకూడని సరుకు.

గేర్ల సంగతి ఇంకా అన్యాయం. దీనికి డ్యుయల్ క్లచ్ గేరుబాక్సు. రెండు క్లచ్చులున్నాయట, నా ఎడమ కాలికి మాత్రం ఒక్కటీ దక్కలేదు. సరి గేర్లకొకటి, బేసి గేర్లకొకటి. మూడులో పోతుంటే నాలుగు ముందే సిద్ధంగా ఉంటుంది. హైవే మీద వెన్నలా మారుతుంది, కాదనను. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో మాత్రం అడుగడుక్కీ ఒక చిన్న కుదుపు, ఏ గేరు కావాలో దానికే తేల్చుకోవడం చేతకానట్టు. ఆ కుదుపు వచ్చినప్పుడల్లా నా ఎడమ కాలు దానంతటదే కిందికి నొక్కుతుంది. అక్కడ ఖాళీ నేల.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అందరూ తిట్టే లాగ్ నాకు నచ్చింది. ఇప్పటి టర్బోలు చిన్నవి, తొందరగా లేస్తాయి, అయినా కాలికీ లాగుడికీ మధ్య ఒక గుటక మింగేంత విరామం ఇంకా మిగిలే ఉంది. మా అబ్బాయికి అది లోపం. స్పోర్ట్ మోడ్ పెడితే తగ్గుతుంది నాన్నా అంటాడు. నేను పెట్టను. ఆ విరామాన్ని ముందే లెక్కేసుకుని, ఖాళీ కనిపించబోయే క్షణానికి కాస్త ముందు కాలు ఆనిస్తే, ఖాళీ వచ్చేసరికి లాగుడు కూడా వస్తుంది. ఈ కారులో డ్రైవరనేవాడు నేర్చుకోవాల్సింది అదొక్కటే మిగిలింది. దాన్నీ తీసేస్తే ఇక నేనెందుకు ముందు సీట్లో కూర్చోవడం? మీట నొక్కితే స్పీకర్లలోంచి సైలెన్సరు చప్పుడు వినిపించే కార్లు కూడా వచ్చాయట. అదీ కాలం.

దుర్గమ్మ గుడి దగ్గర వాహన పూజ చేయించాం. పూజారి గారు పద్ధతి ప్రకారం బానెట్ మీద పసుపు స్వస్తికం, అద్దం మీద బొట్టు పెట్టి, వెనక్కి వెళ్ళి నంబరు ప్లేటు పైన కూడా గంధం రాసి దాని మీద ఇంత కుంకుమ అద్దారు. అది సరిగ్గా కెమెరా కన్ను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కాలు ఆనీ ఆనించకుండానే నాలుగూ ఒక్కసారే చిట్లాయి, ముందు నిలబడ్డ పూజారి గారు పళ్ళెంతో సహా పక్కకి దూకారు. రివర్సు వేస్తే తెర మీద లోకమంతా ఎర్రగా ఉంది, నాలుగు మూలల నుంచీ కూతలు. మా రోజుల్లో వెనక్కి రావాలంటే ఒకడు దిగి "రానీ, రానీ, రైట్, రైట్, ఆపు" అనేవాడు. వాడికి బొట్టు పెట్టినా కళ్ళు కనిపించేవి.

కొత్త బండి కొండకి పోవాల్సిందేనని మా ఆవిడ పట్టు. వెనక సీటు సంగతి ఆ ప్రయాణంలో తేలింది. కిటికీలు చిన్నవి, ముందు సీట్లు ఎత్తు. "ఏవండీ, బావిలో కూర్చున్నట్టుందండీ" అంది నాయుడుపేట దగ్గర. అంబాసిడర్ వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక పులిహోర గిన్నె తీరిగ్గా కూర్చునే రోజులు ఆమెకి గుర్తొచ్చాయి. నాకూ వచ్చాయి గానీ బయటపడలేదు.

తిరుమల ఘాట్ మీద మాత్రం టర్బో ఏమిటో తెలిసింది. పూర్వం అద్దె టాక్సీల్లో ఎక్కేటప్పుడు మలుపు మలుపుకీ ఒక కారు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉండేది. రేడియేటరు మూతని తడిగుడ్డతో తిప్పితే ఆవిరి మనిషెత్తు లేచేది. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టి, క్యానులో నీళ్ళు పోసి, గోవిందా అని మళ్ళీ ఫస్ట్ గేరు. ఈ బండి ఏ మలుపులోనూ ఊపిరి బిగబట్టలేదు. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోంచి జరగలేదు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, మామూలు ఇంజను ఆ మేరకు నీరసిస్తుంది. టర్బో ఆ లోటుని కాస్త ఎక్కువ తిరిగి పూడ్చుకుంటుంది. జీవితంలో మొదటిసారి ఘాట్ రోడ్డు మీద నాకు ఇంకొంచెం నొక్కాలనిపించింది.

నొక్కకూడదు. అలిపిరిలో టైము వేసిన చీటీ ఇస్తారు, 28 నిమిషాల కంటే ముందు పైకి చేరితే అపరాధం. ప్రమాదాలు ఆపడానికి పెట్టిన నియమం, మంచిదే, నేనూ సమర్థిస్తాను. పైన గేటు ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు వారన వరసగా కార్లు ఆగి ఉన్నాయి. అన్నీ మాలాంటి జోరు బళ్ళే. ఓనర్లు కిందకి దిగి ఫోన్లో టైము చూసుకుంటున్నారు. మేమూ ఆగాం. మా పక్కనుంచి ఒక పాత మారుతీ ఎనిమిది వందలు, నిండా మనుషులతో, రెండో గేరులో మూలుగుతూ, ఎక్కడా ఆగకుండా, సరిగ్గా టైముకి గేటు దాటిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆటోనగర్ మేస్త్రి దగ్గర ఆపాను, పాత పరిచయం. బానెట్ ఎత్తి, ప్లాస్టిక్ మూత మీద వేలితో రెండు సార్లు తట్టి, మూసేశాడు. "మా చేతుల్లో ఏం లేదు మాష్టారూ, ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళ దగ్గరికి పోండి. నూనె మాత్రం టైముకి మార్పించండి, టర్బోకి నూనే ప్రాణం." తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీ చూశాడు. బండి చక్రాల కంటే సన్నం, దాని మీద 80 దాటరాదని పసుపు చీటీ. 120 హార్స్ పవరు బండికి సైకిలు చక్రమిచ్చారేంటని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగు చక్రాల కొలతకి సరిపోయే అయిదోది అక్కడే కొన్నాను. అది స్టెప్నీ గుంటలో పట్టలేదు. డిక్కీలో అడ్డంగా పడుకోబెట్టాం. సూట్‌కేసు, లడ్డూల సంచి వెనక సీట్లోకి వచ్చాయి. మా ఆవిడ ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి స్పీడోమీటరు ఆమే చదువుతోంది, పైకి.