ఫాఫ్సా ఫారం రాసిన పెద్దలకు

వాషింగ్టన్‌లోని విద్యాశాఖ పెద్దలకు, టెక్సస్‌లో కాపురముంటున్న ఒక గుంటూరు జిల్లా తండ్రి నమస్కరించి రాయునది.

మా అమ్మాయి కాలేజీకి వెళ్తోంది. చదువు ఖర్చుకు ప్రభుత్వ సాయం అడుగుదామని మీ ఫాఫ్సా ఫారం ముందు కూర్చుంటే, అడిగే అర్హత పోగొట్టింది మా పొదుపేనని తేలింది.

పుట్టినరోజులకూ, ఓణీల ఫంక్షన్‌కూ వచ్చిన చదివింపులు డాలరు ముట్టకుండా పిల్ల పేరనే బ్యాంకులో వేశాం. పదివేలయ్యాయి. పిల్ల పేర ఉన్న సొమ్ములో 20 శాతం, అంటే 2,000 డాలర్లు, ఈ ఏటి చదువుకు పెట్టుకోగలదని మీ సూత్రం. అదే సొమ్ము నా ఖాతాలో ఉంటే ఎంత గట్టిగా పిండినా 5.64 శాతమే, అంటే 564.

పోనీ, ఆ డబ్బుతో మా ఆవిడకు గాజులు చేయించి ఉంటే? ఒంటిమీది నగలు రాయనక్కర్లేదు. మా అత్తగారు పిల్ల పుట్టినప్పటి నుంచీ బంగారం కొనమని మొత్తుకుంటూనే ఉన్నారు. మీ రూల్సు ఆవిడకెవరు చెప్పారో! 401-కె అనే రిటైర్మెంట్ ఖాతాలో నిల్వ మీకు కనపడదు. ఉంటున్న ఇల్లు ఎంత పెద్దదైనా కనపడదు. (కొన్ని ప్రైవేటు కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఫారంలో ఇంటి సంగతీ అడుగుతాయి, వాళ్లకు రాసే ఉత్తరం వేరే.) అప్పు తీరిన సొంతింట్లో ఉన్నాయన మీ లెక్కలో లేనివాడు. ఇల్లు కొనుక్కుందామని అద్దింట్లో ఉంటూ కూడబెట్టినవాడు కలిగినవాడు.

పొదుపేమో సంతకం పెట్టిన రోజున ఉన్నది రాయాలి, ఆదాయమేమో రెండేళ్ల కిందటిది. నిరుడు ఉద్యోగం ఊడినవాడు కూడా, కాలేజీ ఆఫీసులో మొరపెట్టుకునేదాకా జీతగాడే. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే కాస్త కనికరించేవారు. 2024-25 నుంచి అదీ ఎత్తేశారు.

ఇక అసలు సందేహం. ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి ఏ దేశంలో ఉన్నా రాయాలన్నారు. తెనాలి దగ్గర మా నాన్న వదిలిన రెండెకరాల మాగాణి ఉంది. దాని విలువ ఎంతని రాయను? అక్కడ పొలానికి రెండు రేట్లు: రిజిస్ట్రారు ఆఫీసుది ఒకటి, బేరం కుదిరేది ఒకటి. పైగా ఇంకా పంపకాలు కాలేదు. అందులో సగం నాదని నేను రాసిన కాగితం మా అన్నయ్య కంటపడితే లేచే తగువుకు మీ దగ్గర ఏదైనా సాయం ఉందా?