ప్రశ్న అడిగి నోరు మూసుకునేవాళ్లు

మా రోజుల్లో టీవీలో నాయకుడిని ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేదాకా అడిగినవాడు నోరు మూసుకుని కూర్చునేవాడు. ఇప్పుడు సాయంత్రమైతే చాలు, మా జంషెడ్‌పూర్ కద్మా క్వార్టర్ల వరసలో ఏ కిటికీ పక్కన నిలబడ్డా ఒకటే గోల. తెర మీద ఎనిమిది గళ్లు, గడికో మొహం, అందరూ ఒకేసారి అరుపులు. అందరికన్నా పెద్ద గొంతు ఆ కార్యక్రమం నడిపేవాడిది. తానే అరిచేదానికి పెద్దమనుషుల్ని పిలవడమెందుకో!

1985లో దూరదర్శన్‌లో 'జనవాణి' వచ్చేది. వినోద్ దువా నడిపేవారు. మంత్రిని కూర్చోబెడితే మామూలు జనం నేరుగా ప్రశ్నలడిగేవాళ్లు. మాది బ్లాక్ అండ్ వైట్ సెట్టు. గాలి వీస్తే మంత్రిగారికి రెండు తలకాయలు మొలిచేవి, ఇంట్లో ఒకడు పైకెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా, వచ్చిందా" అని అరుస్తుండాలి. కార్ఖానాలో ఎ షిఫ్టు చేసొచ్చి కునికిపాట్లు పడేవాళ్లు కూడా లేచి చూసేవాళ్లు. మంత్రి నీళ్లు నమిలితే ఆ నమలడం మొత్తం కనబడేది. ఇప్పుడు పాపం వాళ్లకి నీళ్లు నమిలే తీరికైనా లేదు, ఈలోగా యాంకర్ బ్రేక్ అంటాడు. అది సర్కారువారి టీవీయే, ప్రతిపక్షం మొహం అందులో చూడాలంటే కళ్లు కాయలు కాసేవి, కాదనను. కానీ సర్కారు టీవీలో సర్కారు మంత్రినే నిలదీయించారు కదా!

ఆ తర్వాత టీవీలో ఇంటర్వ్యూలు చేసే కరణ్ థాపర్ ఒకడుండేవాడు. 2004లో బీబీసీకి జయలలితను అడిగితే, నీతో మాట్లాడటం ఏమంత సంతోషంగా లేదని ఆవిడ మొహం మీదే చెప్పింది. 2007లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ కూడా ఇతని ఇంటర్వ్యూలోనే కొద్ది నిమిషాలకే మైకు తీసేసి లేచిపోయారు. మనిషి పొగరుబోతే, నాకూ నచ్చడు. అయినా ఎవరొచ్చినా ఒకే వాత పెట్టాడు.

మన తెలుగు చానళ్లేమైనా తక్కువ తిన్నాయా? బిష్టూపూర్ రామ మందిరం దగ్గర మన తెలుగువాళ్లెవరైనా "టీవీలో ఫలానా అన్నారట" అంటే, ఏమన్నారని ఎవరూ అడగరు, ఏ చానల్ అంటారు. పేరు వినగానే మిగతాదంతా అర్థమైపోతుంది.

మా ఊరి ఎన్నికలు టీవీకి కొత్తేం కాదు. 1996లో మహాభారతం సీరియల్లో కృష్ణుడు వేసిన నితీష్ భరద్వాజే ఇక్కడ ఎంపీగా గెలిచాడు. అప్పుడు నటులొచ్చి ఓట్లడిగారు, ఇప్పుడు యాంకర్లే నటిస్తున్నారు. 2019లో మరీ విడ్డూరం. 1995 నుంచి జంషెడ్‌పూర్ తూర్పులో గెలుస్తూ వచ్చిన అప్పటి మా రాష్ట్ర ముఖ్యమంత్రి రఘువర్ దాస్‌ని, ఆయన కేబినెట్‌లోనే మంత్రిగా చేసిన సరయూ రాయ్ ఇండిపెండెంటుగా నిలబడి 15 వేలకు పైగా ఓట్లతో ఓడించాడు. ఒకే గూటి నుంచి వచ్చినవాళ్లిద్దరూ ఎదురెదురు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచి అదను ఏ యాంకరుకి దొరుకుతుంది? నేను చూసిన చానళ్లలో మాత్రం సరయూ రాయ్‌కి టికెట్ ఎందుకు రాలేదు, ఎవరు ఎవరిని తిట్టారు, ఇదే సోది. మా ఊళ్లోని 86 బస్తీల మాలికానా హక్కు మాట ఎవరూ ఎత్తలేదు. ఇళ్లు కట్టుకుని తరాలు గడిచినా ఆ నేల తమదని చెప్పుకోలేని జనం వాళ్లు. ప్రతి ఎన్నికలోనూ ఆ హామీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది, ఓట్లు పడగానే మాయమవుతుంది.

ఇప్పటికైనా మా ఊళ్లో ఎవరైనా కుర్రాడు రెండు కుర్చీలు, ఒక మైకు పెట్టి రాజకీయ నాయకుల్ని పిలిస్తే మొదటి ప్రశ్న నేనిస్తాను. ఆ బస్తీలకు కాగితాలెప్పుడిస్తారు, ఏ సంవత్సరం, ఏ నెల? అధికారంలో ఉన్నవాడినీ అదే అడగాలి, లేనివాడినీ అదే అడగాలి. మధ్యలో బ్రేక్ మాత్రం అనకూడదు.