ఎర్రగీతల బాబాయి

బాలానగర్ ఫ్యాక్టరీల్లో ఇన్‌స్పెక్షన్ చేసి చేసి రిటైరైన పెద్దమనిషి కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటుకొకరు ఉంటారు. మా బ్లాకుకు బాబాయిగారు. చుట్టరికం ఏమీ లేదు, అంకుల్ అంటే ఊరుకోరు, అంతే. మైక్రోమీటరు కంపెనీకి అప్పగించి వచ్చారు గానీ కొలిచే అలవాటు వెంట తెచ్చుకున్నారు.

పొద్దున్నే ఎక్సెల్ తెరుస్తారు. తేదీ ఒక కాలమ్, కొలత ఒక కాలమ్, ఆ తర్వాత సగటు, పై హద్దు, కింది హద్దు. ఈ మూడింటినీ ఆఖరి వరస దాకా లాగి లైన్ చార్ట్ వేస్తే సగటు పచ్చగా, హద్దులు ఎర్రగా మూడు గీతలు తిన్నగా పడతాయి. ఫార్ములాలో డాలర్ గుర్తు మరిస్తే మాత్రం వరస దిగినకొద్దీ గీత వంకర్లు పోతుంది. అలా వంకర గీతలు తెచ్చిన ట్రెయినీలను ఇప్పటికీ పేరుపేరునా తలుచుకుంటారు, ప్రేమతో కాదు.

"ఈ హద్దులు ఎవరు పెట్టారు బాబాయిగారూ?" అన్నామా, కుర్చీ చూపిస్తారు. 1924 మే 16న అమెరికాలో వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి ఒక చిన్న నోటు పంపాడు, అందులో ఒక బొమ్మ వేశాడు. ఈ గీతల వంశం అక్కడ మొదలు. తర్వాత సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ పిలిస్తే షూహార్ట్ మన దేశానికీ వచ్చాడు. "డ్రాయింగులో ఉండే టాలరెన్స్ కస్టమర్ కోరిక. ఈ గీతలు మిషన్ గుణం. సిగ్మా అంటే కొలతల చెదురుకు కొలమానం. సగటుకు అటు మూడు సిగ్మాలు, ఇటు మూడు. మిషన్ తన మానాన తాను నడిస్తే వెయ్యిలో 997 కొలతలు దాదాపు వీటి మధ్యే పడతాయి. బయట పడిందంటే ఏదో జరిగిందన్నమాట." సిగ్మా కోసం నేరుగా ఎక్సెల్ ఫంక్షన్ నొక్కేవాళ్లంటే చిన్నచూపు. రోజుకొక్కటే కొలత ఉన్నప్పుడు నిన్నటికీ ఇవాళ్టికీ తేడాలు తీసి, వాటి సగటును 2.66తో హెచ్చవేస్తే ఆ మూడు సిగ్మాలు వస్తాయి. ఆ 2.66ను గోత్రం చెప్పినట్టు చెబుతారు.

ఇప్పుడు రోజూ కొలిచేది తన బీపీ. ఆ షీటులో రెండు జతల గీతలున్నాయి: డాక్టర్ పెట్టినవి, తాను లెక్కగట్టినవి. మొన్న పై అంకె 148 వచ్చింది. డాక్టర్ గీత దాటింది, బాబాయిగారి గీత దాటలేదు. "నా ప్రాసెస్ కంట్రోల్‌లోనే ఉంది" అని క్లినిక్‌లో వాదించి వచ్చారు. కంట్రోల్‌లో ఉండటం వేరు, బాగుండటం వేరు అని ఫ్యాక్టరీలో ఎందరికో పాఠం చెప్పిన మనిషే. డాక్టర్ చార్ట్ చూడకుండానే మాత్ర మార్చాడు.

ఆఖరి కాలమ్ రిమార్కులు. గీత దాటినప్పుడల్లా కారణం రాయాలి. బీపీ షీటు నిండా "అల్లుడు", "అసోసియేషన్ మీటింగు", మళ్లీ "అల్లుడు". తన పేరు ఒక్కచోటా లేదని పిన్నిగారు మురిసిపోయారు.

"నువ్వు ప్రత్యేక కారణానివి కావే, రోజూ ఉండే కారణానివి. నిన్ను సగటులో కలిపేశాను" అన్నారు బాబాయిగారు. ఆ పూట కాఫీ పైకీ కిందికీ ఏ హద్దుకూ అందలేదు.

పనిచేసే ఆమె వచ్చే వేళకూ ఒక షీటుంది. సగటు ఏడుంబావు. ఒకరోజు ఎనిమిదిన్నరకు వస్తే ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, "చూడు, పై గీత దాటావు. కారణం?" అన్నారు.

"బస్సు రాలే సారూ" అని చీపురు పట్టుకునే వంగి చూసింది. "ఈ నడిమి గీత ఏంది, మొదటి సంది గట్లనే ఉన్నది? నా జీతం లెక్క."

బాబాయిగారికి డేటా ముందు అబద్ధం ఆడటం చేతకాదు. జీతం పెంచారు. పరిస్థితి మారింది గనక పాత హద్దులు చెల్లవు, కొత్తవి కట్టాలని మరో షీటు తెరిచారు. అవి తేలేలోపే ఆమె ఆరింటికి వచ్చి బెల్ కొట్టింది. కళ్లు నులుముకుంటూనే పాత షీటు తీశారు.

"ఈసారి కింది గీత దాటావు. కారణం చెప్పాలి."

"ముందుగాల వచ్చినా తప్పేనా సారూ?"

"తప్పు కాదమ్మా. కారణం దొరికితే దాన్నే ఖాయం చేసుకోవచ్చు."

"గది నీకు ఎర్కనే గద" అందామె చెప్పులు విడుస్తూ. "ఇంకో అయిదొందలు పెంచు, ఖాయం జేస్త."