పెళ్లిపీట మీద ఉప్పుకండం

మా పెళ్లయి 25 ఏళ్లు నిండాయని ఇంట్లో పదిమందికి భోజనం పెడదామనుకున్నాం. పప్పు, పులుసు, కోడికూర అని మా ఆవిడ జాబితా రాస్తుంటే, డాలస్ నుంచి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అడ్డం తగిలాడు.

"అన్నానికి ముందు షార్కుటరీ బోర్డు పెడదాం మామయ్యా. అంతా నేను చూసుకుంటా."

మా అమ్మకు అది "సర్కారు బోర్డు" అని వినబడింది. 'ఈ స్థలం ప్రభుత్వానిది' అని పాతుతారే, అదనుకుని కంగారుపడింది. కాదు అమ్మమ్మా, అదొక పలక, దాని మీద ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం, చీజ్, పళ్లు, పప్పులు, తేనె అందంగా పేరుస్తారు, ఫ్రెంచివాళ్ల పద్ధతి అని వాడు విడమరిచాడు. పారిస్‌లో పంది మాంసం వండి అమ్మేవాళ్లకు 15వ శతాబ్దంలోనే సంఘం ఉండేదని కూడా చెప్పాడు. పంది అనగానే అమ్మ లేచి తులసికోట దగ్గరికి వెళ్లిపోయింది.

భద్రాచలంలో రాములవారి ప్రసాదం ఎంతైనా దొరుకుతుంది, సలామీ దొరకదు. చీజ్ మాత్రం హైదరాబాద్ నుంచి ఐసుపెట్టెలో పసిబిడ్డలా తెచ్చాడు. మిగతాదానికి మేమే దిక్కయ్యాం.

మాంసం సంగతి మా ఆవిడ తీసుకుంది. వేటమాంసాన్ని వేలెడు పొడుగున కోసి, ఉప్పూ పసుపూ కారమూ వెల్లుల్లీ పట్టించి, ఒక రాత్రి ఊరబెట్టి, దారానికి గుచ్చి డాబా మీద దండెం కట్టింది. మూడు రోజులు ఆ దండెం కింద కర్ర పట్టుకుని కాకుల్ని తోలింది నేను. మొదటిరోజు ముక్కలు ఎర్రగా, మెత్తగా వేలాడాయి. మూడోరోజుకి నల్లబడి, గాలికి ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. ఉప్పు నీటిని లాగేస్తుంది, నీరు పోతే మాంసం కుళ్లదు. ఫ్రాన్సులోనైనా సూత్రం ఇదే. వాళ్లకు చల్లటి గదుల్లో నెలలు పట్టే పని మా వైశాఖం ఎండ మూడు రోజుల్లో తేల్చేసింది. "జర్కీ!" అన్నాడు మేనల్లుడు. "ఉప్పుకండం," అంది మా ఆవిడ, ఆ ముక్కకు తిరుగులేనట్టు.

ఇక అడవి సరుకు. ఎండబెట్టిన ఇప్పపువ్వు, సారపప్పు, తునికిపళ్లు, తేనె. ఇందులో సగం ఎటపాకలో కొన్నాం. ఎటపాక మాకు పక్కవీధి లాంటిదే గాని 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. సారపప్పు కోసం రాష్ట్రం దాటి, బేరం కుదరక వెనక్కొచ్చి, మనసాగక మళ్లీ దాటాను. బిస్కెట్లు మాత్రం మావే: మా ఊరి ఆదివాసీ మహిళలు చిరుధాన్యాలతో చేసే భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్. 2025లో ప్రధాని 'మన్ కీ బాత్'లో మెచ్చుకున్న బిస్కెట్లంటే మా ఇంట్లో చీజ్ కన్నా గౌరవం ఎక్కువ.

పలక ఏదీ అంటే, అటక మీది మా పెళ్లిపీటలు దింపాడు. అడవి టేకు, రెండూ కలిపితే బల్లంత వెడల్పు. మా ఆవిడ నా వంక చూసింది. నేను ఫ్యాను వంక చూశాను.

సాయంత్రానికి పేర్పు చూడముచ్చటగా కుదిరింది. అందరూ చుట్టూ నిలబడి బొమ్మల కొలువు చూసినట్టు చూశారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. ఒకే పలక మీద అందరూ చేతులు పెట్టడమేమిటి, ఎంగిలి కాదూ! "వెండి పట్కారు పెట్టాను కదా," అని మేనల్లుడు మొత్తుకుంటున్నాడు. మా పెద్దత్తయ్య ఆ పట్కారును రెండువైపులా తిప్పి చూసి జాగ్రత్తగా పక్కన పెట్టింది. అంతలో కరెంటు పోయింది. చీజ్‌కి చెమటలు పట్టాయి. కాసేపటికి అది నెమ్మదిగా కదిలి తునికిపళ్లను చుట్టుకుంది.

మొదట తెగించింది మా మామగారే. ఆయన ఎక్సైజులో చేసి రిటైరయ్యారు. కిస్మిస్ అనుకుని ఇప్పపువ్వు నోట్లో వేసుకున్నారు. రెండుసార్లు నమిలి ఆగారు. ముఖంలో పాత ఉద్యోగం కనిపించింది.

"అల్లుడుగారూ, ఇది మీకెక్కడిది?"

"అది వట్టి పువ్వే మామగారూ, ఇంకా సారా కాలేదు."

అమ్మ ఇక ఆగలేకపోయింది. అడ్డాకు దొప్పలు తెచ్చి, గరిటెతో మనిషికింత వడ్డించుకుంటూ పోయింది. ఐదు నిమిషాల్లో, చీజ్ తప్ప, పీటలు ఖాళీ. ఉప్పుకండం రెండోసారి అడిగినవాళ్లకు లేదు. "ఫొటో తియ్యలేదు అమ్మమ్మా!" అని మేనల్లుడు దాదాపు ఏడ్చాడు. "సరేగాని అన్నం ఎప్పుడు?" అన్నారు చుట్టాలు ముక్తకంఠంతో. మిగిలిన చీజ్ మర్నాడు పకోడీల్లో కలిసింది.

వాడు డాలస్ వెళ్లిపోయాడు. పీటలు మాత్రం చింతపండుతో తోమినా, నిమ్మచెక్క రుద్దినా, నాలుగు రోజులు ఎండలో పెట్టినా వెల్లుల్లి వాసన కొడుతూనే ఉన్నాయి. మాఘంలో అమ్మాయి పెళ్లి, వాటి మీదే కూర్చోబెట్టాలని మా ఆవిడ పట్టుదల. టేకు చెక్కకు పట్టిన వాసన వదిలే ఉపాయం మీకేమైనా తెలిస్తే ఆలోగా చెప్పి పుణ్యం కట్టుకోండి.