పిల్లలు ఆడే నేలకు పరీక్ష ఏదీ?

మా రోజుల్లో బడి వదలగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి చెరువుగట్టుకి ఉరికేవాళ్లం. పాదం మీద తడి ఇసుక పేర్చి, తట్టి, మెల్లగా కాలు లాగితే పిచ్చుకగూడు నిలబడేది. కొబ్బరిచిప్పల్లో మన్ను కలిపి గుజ్జనగూళ్లు వండేవాళ్లం. దుమ్ములో దొర్లిన గోలీని నోట్లో వేసుకుని శుభ్రం చేసేవాళ్లం.

అప్పటి మట్టిలో దోషమే లేదని నేననను. పొలంగట్లే మరుగుదొడ్లయిన కాలమది. ఉత్తికాళ్లతో తిరిగితే కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి దూరి, పేగుల్లో చేరి రక్తం పీల్చేవి. మా ఈడువాళ్లలో పాలిపోయిన ముఖాలు ఎన్నో చూశాను. అందుకే మా అమ్మ కాళ్లు కడుక్కోనిదే గడప దాటనిచ్చేది కాదు. అప్పుడప్పుడూ పరగడుపున ఆముదం పట్టించేది. ఇప్పుడు 2015 నుంచి నులిపురుగుల నిర్మూలన దినమని పెట్టి, బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర వేస్తున్నారు. మంచి పని. పురుగుకు మందుంది.

మందు లేని దాని గురించే నా బాధంతా.

మా కాలనీలో పల్లంగా ఉన్న జాగాను పిల్లల పార్కు చేశారు. కూల్చిన పాత ఇళ్ల పెళ్లలు లారీలకొద్దీ పోసి, పైన జానెడు ఎర్రమట్టి పరిచారు. రెండు వానలకు ఆ ఎర్రమట్టి కొట్టుకుపోయి, పాత గోడల రంగు పెచ్చులు పైకి తేలాయి. ఉయ్యాల స్తంభాల రంగు పొలుసులుగా రాలుతోంది. పక్క సందులో పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు. ఈ మధ్యలో మూడేళ్ల పిల్లలు కూర్చుని పిడికిళ్లతో మన్ను తోడుకుంటున్నారు. ఇదేమిటని పార్కు చేసినవాళ్లను అడిగితే, ‘‘మాస్టారూ, మీరు మట్టిలో ఆడి పెరగలేదా?’’ అన్నారు.

పెరిగాను. మా చెరువుగట్టు మట్టిలో బ్యాటరీల సీసం లేదు నాయనా!

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు బండ్ల పొగతో రోడ్ల పక్కన పడిందీ, గోడలకు పూసిందీ ఎక్కడికి పోతుంది? సీసం ఎండకు ఆరదు, వానకు కుళ్లదు. మట్టి పైపొరలో దశాబ్దాలు అలాగే ఉంటుంది. హైదరాబాదు కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరీక్షించినప్పుడు సీసం, క్రోమియం లాంటి లోహాలు ఎక్కువగా తేలాయి.

అదే మట్టి చేతికంటుకుని నోట్లోకి పోతే పెద్దవాళ్లకంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకైతే మరీను. రక్తంలోంచి మెదడుకు చేరుతుంది, ఎముకల్లో నిలవ ఉంటుంది. తెలివి మందగిస్తుంది, పాఠం మీద ధ్యాస నిలవదు. ఇంతవరకు ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన్ను తిన్న కొడుకు నోరు తెరిపించి యశోద చూసింది. మా అమ్మా చూసేది. సీసం అలా చూస్తే కనబడదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. మెదడుకు జరిగిన చేటు ఏ మాత్రతోనూ పూడదు.

ఇది విని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి ఫోను చేతికివ్వకండి. మట్టి వాళ్ల హక్కు. పార్కులో లారీ దిగినప్పుడు ఆ మట్టి ఎక్కడిదని అడగండి. కూల్చిన ఇళ్ల పెళ్లలు వద్దని పట్టుబట్టండి. ఒట్టి నేల కనబడకుండా గరిక పెంచండి. ఉయ్యాలకు పాత రంగు గీకించేటప్పుడు కింద పట్టా పరిపించి, ఆ పొడి ఎత్తి పారేయించండి. ఆడి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

వరిమడికి భూసార పరీక్ష చేయించి కార్డు రాయించుకునే దేశం మనది. పిల్లలు ఆడే నేలకు ఆ మాత్రం పరీక్ష చేయించకుండా పార్కు గేటు తెరవకండి.