బల్ల మీది పుష్పకము

ఆకాశమున విమానము కూలుటకు గాలివాన, యంత్రలోపము, ఇంధనక్షయము, చోదకుని ఏమరుపాటు అని వైమానికశాస్త్రజ్ఞులు పలు కారణములు చెప్పుదురు గాని, ఇంటిలో కంప్యూటరు ముందర కుర్చీ వేసికొని నడపెడి విమానములు సాధారణముగా వీనిలో ఏ కారణమునను కూలవనియు, ఒకే పనికి ఇద్దరు అధికారులుండుట యను మనకు చిరపరిచితమైన కారణముననే కూలుననియు, ఈ సత్యము నాకు తెలిసినంత క్షుణ్ణముగా దర్శి పట్టణమున మరి యెవ్వరికిని తెలియదనియు సవినయముగా మనవి చేయుచున్నాను.

దర్శికిని విమానమునకును ఏమి పొత్తని పాఠకులు నవ్వవచ్చును. మా బస్టాండులో నిలిచినవానికి పొదిలి, అద్దంకి, ఒంగోలు, వినుకొండ యను కేకలు తప్ప వేరు వినబడవు గదా! అయినను రన్‌వేల విషయమున మేము దరిద్రులము కాము. మా నియోజకవర్గములోనిదే యైన దొనకొండలో, రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు నిర్మించిన విమానాశ్రయ మొకటి కలదు. యుద్ధము ముగిసినది, ఆంగ్లేయులు పోయిరి, రన్‌వే మిగిలినది. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు రాజధాని దొనకొండకే వచ్చునన్న వదంతి పుట్టి, సెంటు భూమి లేనివాడు సైతము ఎకరముల లెక్కన మాటలాడజొచ్చెను గాని, రాజధానియు రాలేదు, విమానమును రాలేదు. ఇటు తూర్పున, అద్దంకి దగ్గర, జాతీయరహదారి మీదనే 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున అత్యవసర రన్‌వే యున్నది. 2024 మార్చి 18న అచ్చట వాయుసేనవారి ఏఎన్-32, డోర్నియర్ విమానములు దిగి మరల ఎగిరినవి. సుఖోయ్-30, హాక్ యుద్ధవిమానములు దిగినట్లే దిగివచ్చి, నేలను తాకకయే పైకి లేచిపోయినవి. తక్కిన దినములలో దాని మీద లారీలు విహరించును. ఒకచోట రన్‌వే యుండి విమానము లేదు. వేరొకచోట విమానము వచ్చినను రన్‌వే లారీలది. ఈ రెంటి నడుమ, మా మిద్దె మీది గదిలో, మా మేనల్లుడు తన సొంత విమానాశ్రయమును స్థాపించెను.

వాడు బెంగుళూరు కంపెనీ యొకదానికి ఇంటనుండియే పనిచేయు ఇంజనీరు. పగలు కంపెనీ వాని నడపును. రాత్రి వాడు విమానమును నడపును. మా నాయనగారి టేకుబల్ల మీద కుడిప్రక్కన జాయ్‌స్టిక్కు, ఎడమప్రక్కన ఇంజను శక్తిని హెచ్చించి తగ్గించు రెండు మీటల త్రాటిల్, బల్ల క్రింద విమానపు ముక్కును కుడియెడమలకు త్రిప్పు రడ్డరు పెడల్సు. ఈ పెడల్సునకు ఒక దుర్గుణము కలదు. కాలితో త్రొక్కినపుడెల్ల గచ్చుమీద జారి గోడదాక పోవును. ప్రపంచమందలి సిమ్యులేటరు ప్రియులందరు దీనికి చెక్కలు, మేకులు, రబ్బరుపట్టలు వాడుదురట. మావాడు దేశకాలానుగుణముగా, అమ్మకమునకు సిద్ధముగానున్న ఎండుమిరపకాయల టిక్కీ నొకదానిని వాని వెనుక అడ్డముగా పెట్టెను. ఈ టిక్కీని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ఇది పిల్లకాయల ఆటయని తీసిపారవేయు పెద్దలున్నారు. వారు ఎడ్విన్ లింక్ కథ విని యుండరు. అమెరికాలో బింగ్‌హామ్టన్ పట్టణమున పియానోలు, ఆర్గనులు చేయు కుటుంబమున పెరిగిన ఈ యువకుడు, ఆర్గనులలో గాలినూదు తిత్తులనే వాడి, నేలను విడువకయే అటునిటు ఒరుగు నకిలీ విమానమును 1929లో తయారుచేసెను. మొదట దానిని జాతరలలో వినోదయంత్రముగనే చూచిరి. 1934లో సైన్యము తపాలా మోయు పనికి పూనుకొని, మబ్బులలోను మంచులోను పలువురు చోదకులను పోగొట్టుకొనిన పిదప, అదే యంత్రమును ఆరింటిని కొనవలసివచ్చెను. అటుపిమ్మట రెండవ ప్రపంచయుద్ధమున వేలకొలది చోదకులు ఆ తిత్తుల పెట్టెలోనే విద్య నేర్చిరి. దొనకొండ రన్‌వే కట్టిన కాలమును అదియే.

కంప్యూటరు తెర మీదికి ఈ విద్యను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. 1982లో మైక్రోసాఫ్టు పేర వచ్చిన ఆతని సిమ్యులేటరులో ఆట మొదలగునది షికాగో నగరమున సరస్సు ఒడ్డునున్న మీగ్స్ ఫీల్డులో. షికాగో మొగమెరుగని కుర్రవాండ్రు కోకొల్లలుగా ఆ రన్‌వే మీదనే తమ తొలి విమానములను కూల్చుకొనిరి. 2003 మార్చి 30 రాత్రి ఆ నగరపు మేయరు బుల్‌డోజరులను పంపి, ఆ రన్‌వే మీద పెద్దపెద్ద అడ్డగాట్లు కొట్టించి దానిని శాశ్వతముగా మూయించెను. నేడు మీగ్స్ ఫీల్డులో దిగవలెనన్న సిమ్యులేటరు తప్ప మార్గము లేదు. భూమి మీద పోయిన రన్‌వే తెర మీద బ్రతుకుట చూడగా, దొనకొండవారు ఇంకను నిరాశపడవలసిన పనిలేదని నాకు తోచుచున్నది.

ఇక మా యింటి వైమానిక వ్యవహారమునకు వత్తును. నేటి సిమ్యులేటరులలో కొన్ని ఉపగ్రహచిత్రములను భూగోళమంతట పరచి, వాని మీద ఇండ్లను చెట్లను తామే ఊహించి నిలుపును. కనుక గన్నవరములో లేచి నైరుతిగా వచ్చినచో దర్శి కనబడును. పొగాకు బ్యారన్ ఉండవలసిన చోట ఎవరిదో చక్కని పెంకుటిల్లు లేచినను, చెరువు చెరువుచోటనే యుండును. ఈ వార్త వీధిలో ప్రాకుటతో, ఎదురింటి మిరపరైతు తన చేనిని ఆకాశమునుండి చూడవలెనని భోజనము ముగించుకొని వచ్చి మా గదిలో మంచము మీద బైఠాయించెను. విమానము గన్నవరములో పరుగెత్తెను. పరుగెత్తుచు నెమ్మదిగా కుడికి ఒరిగి, గడ్డిలోనికి దిగి, కంచెను ఢీకొనెను. మరల పరుగెత్తెను, మరల గడ్డి.

"అబ్బాయ్, మా చేను ఎడంపక్క గదా, నువ్వు కుడిపక్కకు పోతన్నావేంది?" అని రైతు అడిగెను.

"నేను పోవట్లా బాబాయ్, అదే పోతంది" అని మావాడు.

ఇట్టి సమయమున మన ఊళ్లలో వైద్యులకు కొదవ యుండదు. చోదకుడు దక్షిణాభిముఖుడై కూర్చుండుటయే దోషమని ఒకరు, వోల్టేజి తక్కువని ఒకరు, ఎర్తింగు సరిగా లేదని వేరొకరు. మావాడు తానుగా గాలిని అనుమానించి గాలిని ఆపెను. చక్రములను అనుమానించి విమానమును మార్చెను. తుదకు ప్రోగ్రామును సమూలముగా తొలగించి రాత్రియంతయు మరల దింపుకొనెను. తెల్లవారినది, విమానము కుడికే పోయినది.

జీవితమంతయు విద్యార్థుల వ్రాతలు దిద్దిన తెలుగు పండితుని కన్ను కొన్ని విషయములను విడువదు. కంట్రోల్సు పట్టికను మొదటినుండి చివరివరకు వరుసగా చదివి వినిపింపుమని నేను వాని నడిగితిని. వాడు విసుగుకొనుచునే చదివెను. జాయ్‌స్టిక్కు పేర "రడ్డరు" అని ఒకచోట వచ్చినది. పెడల్సు పేర "రడ్డరు" అని మరియొకచోట వచ్చినది. జాయ్‌స్టిక్కు పిడిని మెలిత్రిప్పినను రడ్డరే, పాదముతో త్రొక్కినను రడ్డరే! ఈ ప్రోగ్రాముల స్వభావమేమనగా, క్రొత్త పరికరమును తగిలించినతోడనే, అది యడుగకయే, ఉన్నవారికి చెప్పకయే, దానికి సర్వాధికారములు అప్పగించును. సాగరు కాలువ మీద పగలు లస్కరు దించిన తూము తలుపును రాత్రి రైతు ఎత్తుటయు, ఆ రైతు ఎత్తిన తలుపును తెల్లవారి లస్కరు మరల దించుటయు ఎట్టిదో ఇదియు నట్టిదే. పెడలు నిశ్చలముగ నున్నను, కొంచెమరిగిన పిడి తాను కుడికి తిరిగియున్నానని సెకనునకు పలుమారులు మనవి చేసికొనుచునే యుండెను. పిడి నుండి ఆ పదవిని తొలగింపగా, విమానము గీత గీచినట్లు ముందునకు సాగెను. రైతు తన చేనిని చూచి, గట్టు ప్రక్కవాడు తన వైపు జరిగినాడని ఉపగ్రహసాక్ష్యముతో నిర్ధారించుకొని, మరునాటి తగవునకు సిద్ధుడై ఇంటికి పోయెను.

పుష్పకవిమానము ఎంత సుఖమైనది! కుబేరుని చేతినుండి రావణునికి, రావణుని పిదప రాముని కడకు పోయినను, అది ఎక్కినవాని మనస్సు ననుసరించి పోయినదే గాని, క్రొత్త యజమానిని సెట్టింగు లడిగినట్లు రామాయణమున ఎచ్చటను లేదు. మనకాలపు విమానము అట్లు కాదు. ఒక్కొకప్పుడు త్రాటిల్ మీటను ముందునకు త్రోయగా ఇంజను చల్లారును, వెనుకకు లాగగా గర్జించును. దీనికి "రివర్సు" అను గడిలో టిక్కు పెట్టిన చాలును. మావాడు జాగ్రత్తపరుడు గనుక పరికరముతో వచ్చిన ప్రోగ్రాములో నొక టిక్కును, సిమ్యులేటరులో మరియొక టిక్కును పెట్టెను. రెండు వ్యతిరేకములు కలిసి మొదటి స్థితియే వచ్చునని తర్కశాస్త్రము చదువనివాడైనను చెప్పగలడు. మా అక్క చెప్పినది.

డెడ్‌జోన్ అనునది మరియొకటి. మీట కొంతమేర కదలినను విమానము విననట్లు నటించుటకు మనమే యిచ్చు అనుమతి యిది. ఇయ్యకున్న విమానము వణకును. ఎక్కువ యిచ్చిన సోమరియగును. ప్రభుత్వకార్యాలయములతో పరిచయమున్నవారికి దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇపుడు టిక్కీ. చవుక జాయ్‌స్టిక్కులలోను పెడల్సులోను మీట క్రింద పొటెన్షియోమీటరు అను చిన్న వస్తువుండును. కర్బనపు బాట మీద ఒక లోహపు నాలుక జారుచు, తానెంత దూరము జరిగినదో విద్యుత్తుద్వారా తెలుపును. ఆ బాట మీద దుమ్ము చేరినచో నాలుక తడబడి, ఉన్నచోటు నుండి చివరకు, చివరనుండి ఉన్నచోటికి దూకినట్లు చెప్పును. చోదకుడు కదలకున్నను విమానము ఉలికిపడును. అయస్కాంతముతో పనిచేయు హాల్ సెన్సారులున్న ఖరీదైన మీటలకు ఈ బాధ తక్కువ. మా పెడల్సునకు వెన్నుదన్నుగా నిలిచిన టిక్కీ త్రొక్కినపుడెల్ల ఊపిరి విడిచినట్లు ఎర్రని పొడిని విడుచుచుండెను గనుక, మా పొటెన్షియోమీటరులలో చేరినది సామాన్యమైన దుమ్ము కాదు. మావాడు పెడలును విప్పి, ఎలక్ట్రీషియన్లు వాడు కాంటాక్టు క్లీనరును చల్లి, దూదితో తుడిచి, పని ముగిసినదన్న సంతోషమున కన్ను నులుముకొనెను. ఆ సాయంకాలము విమానములు రద్దైనవి.

"ఇంట్లో కారం కూరలోకి రావాల గానీ, ఇమానంలోకి ఎట్టా పోయిందిరా?" అని మా అక్క.

"నువ్వు ముందు నీళ్లు తీసుకరామ్మా!" అని వాడు.

యంత్రములు చక్కబడినపిమ్మట, సిమ్యులేటరునకు అదనముగా చేర్చు విమానములు, విమానాశ్రయములు, అనగా యాడ్-ఆనులు, వచ్చినవి. కొన్నవి కొన్ని, ఉచితముగా వచ్చినవి కొన్ని. ఫ్లైబైవైర్ అను స్వచ్ఛందబృందము ఊరక యిచ్చు ఎయిర్‌బస్సు ఏ320 విమానము ఎంత నిజాయితీ గలదనగా, అసలు విమానమున త్రాటిల్ మీట ఆగు మెట్టులన్నియు, ఇంజను ఊరక తిరుగు ఐడిల్ మొదలుకొని ఎగయునపుడు వాడు టోగా దాక, మన మీటలో ఎచ్చటెచ్చట నున్నవో ముందుగా దానికి నేర్పవలెను. నేర్పక ఎగిరినచో, పైకెక్కు మెట్టునకు మీటను తెమ్మని చోదకుని ముందరి తెర మీద అక్షరములు వెలిగి ఆరుచునే యుండును.

ఈ యాడ్-ఆనులను ఎచ్చట పెట్టవలెనన్నది మరియొక చిక్కు. మైక్రోసాఫ్టువారి 2020 నాటి సిమ్యులేటరులో వీనికొరకు కమ్యూనిటీ అను ఫోల్డరు కలదు. జిప్పు విప్పినపుడు ఒక ఫోల్డరులో అదే పేరుగల ఫోల్డరు వచ్చుట పరిపాటి. పై సంచితో సహా పెట్టినచో ప్రోగ్రాము లోపలికి తొంగిచూడదు. ఎక్స్-ప్లేన్ అను వేరొక సిమ్యులేటరులోనైతే సీనరీల వరుసను తెలుపు ఒక పాఠ్యపత్ర మున్నది. పై పంక్తిలోనిది క్రిందిదానిని కప్పును. వరుస తప్పిన విమానాశ్రయము మీద అడవి మొలచును.

ఏ యాడ్-ఆను చెరుపు చేయుచున్నదో తెలియనపుడు పెద్దలు చెప్పిన ఉపాయ మొకటి కలదు. అన్నింటిని బయటికి తీసి, సగము మాత్రము లోపల పెట్టి చూడవలెను. రోగమున్నచో ఆ సగములో, లేనిచో రెండవ సగములో వెదుకవలెను. పదునారింటిలో దోషి యొక్కడే యైనచో నాలుగు పరీక్షలలో పట్టుబడును. ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది; పరీక్షలు పెట్టుట నా వృత్తి గదా! కాని గన్నవరములో విమానము నిలిచిన చోటనే చక్రములు భూమిలో దిగబడి పేలిపోవు రోగమునకు మాత్రము ఇది పనిచేయలేదు. మొదటి సగము నిర్దోషి. రెండవ సగమును నిర్దోషియే. కలిపిన మరల ప్రేలుడు. ఒకే గన్నవరమును ఇద్దరు శిల్పులు వేరువేరుగా చెక్కిరనియు, మావాడు రెంటిని దింపి రెండు సగములలో నొక్కొక్కటి చొప్పున ఉంచినాడనియు తుదకు బయటపడెను. ఒక టెర్మినలు మీద మరియొక టెర్మినలు, ఒక రన్‌వే మీద జానెడెత్తున మరియొక రన్‌వే! మొదటి రడ్డరు రోగమే వేషము మార్చుకొని వచ్చినదని నేను ముందే అనుకొంటినని చెప్పినను వాడు నమ్మడయ్యెను.

ఇపుడు వాడు ఎక్స్-ప్లేన్‌వారు ఉచితముగా నిచ్చు వరల్డ్ ఎడిటర్ అను పనిముట్టుతో దొనకొండ రన్‌వేను గీయుచున్నాడు. ఎదురింటి రైతు ప్రతిరాత్రియు వచ్చి పర్యవేక్షించుచున్నాడు. "గొర్రెల్ని కూడా పెట్టు అబ్బాయ్, లేకపోతే దొనకొండోళ్లు నమ్మరు" అన్నది ఆయన సలహా. గొర్రెలకు వేరే యాడ్-ఆను కావలెనన్నది వాని సమాధానము. అది పూర్తియైన నాడు ఈ చుట్టుపట్ల పాఠకులెవరైనను మా మిద్దె యెక్కి దొనకొండలో దిగి చూడవచ్చును. రుసుము లేదు; టీ కలదు. వచ్చువారు తమ జాయ్‌స్టిక్కులను పెడల్సును మాత్రము వెంట తేవలదని ప్రార్థన. ఉన్నవానికే పనులు పంచలేక చచ్చుచున్నాము.